సీసాలో సీసం: జర్మనీ రీస్లింగ్ వైన్ కథ



మన ఊళ్ళలో ‘వైన్స్’ అని బోర్డు పెట్టిన దుకాణంలో వైన్ తప్ప మిగిలినవన్నీ దొరుకుతాయి. బ్రాందీ, విస్కీ, రమ్ము, బీరు కొనేవారే గాని, అక్కడ ద్రాక్షతో చేసిన వైన్ అడిగేవారు అరుదు. తెలుగు బైబిలులో ‘ద్రాక్షారసం’ అనే చక్కని మాట ఉన్నా అది వాడుకలోకి రాలేదు. మనకు వైన్ అంటే మద్యానికి పర్యాయపదం మాత్రమే. అయితే గత పది పదిహేనేళ్ళలో మన పిల్లలు చదువులకు పెద్ద సంఖ్యలో జర్మనీ వెళ్తున్నారు. సెలవులకు వచ్చేటప్పుడు కొందరు అక్కడి ప్రసిద్ధ వైన్ ఒక సీసా తెచ్చి పెద్దలకిస్తున్నారు. ఇస్తూ మూడు మాటలు చెబుతున్నారు: ఇది గుండెకు మంచిది, ఇది ‘డ్రై’, ఇందులో చక్కెర ఉండదు, కనుక షుగరు ఉన్నవారు కూడా తీసుకోవచ్చు. ఆ మాటలు నిజమేనా అని నన్ను అడిగేవారు పెరిగారు.

ఒక్క ముక్కలో జవాబు చెప్పి ఊరుకోవచ్చు. కాని ఆ సీసా మీద తరచుగా కనిపించే ‘రీస్లింగ్’ అనే పేరు వెనుక ఆరు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో ఆసుపత్రులున్నాయి, కల్తీ ఉంది, మరణశిక్షలున్నాయి, మన దేశపు పసిబిడ్డల ప్రాణాలు తీసిన ఒక విషపదార్థం కూడా ఉంది. వైద్యశాస్త్ర చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు వదలిపెట్టదగిన కథ కాదు. మద్యపానాన్ని ప్రోత్సహించడం నా ఉద్దేశం కాదని వేరే చెప్పనవసరం లేదు.

రీస్లింగ్ అనేది తెల్ల ద్రాక్షలో ఒక రకం. రైన్ నదీ పరీవాహకం దాని పుట్టిల్లు. భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 50 డిగ్రీల అక్షాంశం వద్ద, ద్రాక్ష పండడమే కష్టమైన చలిలో ఇది పెరుగుతుంది. రైన్‌లో కలిసే మోజెల్ నది మెలికలు తిరుగుతూ పోయే లోయలో, నిలబడితే కాలు జారేంత ఏటవాలు కొండల మీద ఈ తోటలుంటాయి. బ్రెమ్ అనే ఊరి దగ్గరి కాల్మోంట్ కొండ వాలు 65 డిగ్రీల వరకు ఉంటుంది. ఆ కొండల నేల నల్లని పలకరాయి. మా తరం వాళ్ళం చిన్నప్పుడు ఓనమాలు దిద్దిన రాతిపలక ఉన్నదే, ఆ రాయి. అది పగటి ఎండను పీల్చుకొని రాత్రి తీగలకు వెచ్చదనం ఇస్తుంది. ఏటవాలు వల్ల సూర్యకిరణాలు సూటిగా పడతాయి, క్రింద నది నీరు కూడా కొంత వెలుగును పైకి పంపుతుంది. ఇన్ని సౌకర్యాలున్నా రీస్లింగ్ పండు అక్టోబరు దాకా, ఒక్కొక్కప్పుడు నవంబరు దాకా కోతకు రాదు. అంత నిదానంగా పండడం వల్ల పరిమళం కూడుకుంటుంది, పులుపు మాత్రం తగ్గదు.

ఆ పులుపే దీని ప్రాణం. ద్రాక్షలోని ముఖ్యమైన ఆమ్లం టార్టారిక్ ఆమ్లం. మన చింతపండులో ఉన్నదీ అదే. దానికి తోడు ఆపిల్ పండులో ఉండే మాలిక్ ఆమ్లం. చింతపండు పులుసు తిని పెరిగిన మనకు ఈ విషయం అర్థం కావడం సులభం. పులుపు ఎక్కువైతే మన ఇళ్ళలో ఏం చేస్తారు? ఒక బెల్లం ముక్క వేస్తారు. జర్మనీ వైన్ చరిత్రంతా ఒక విధంగా ఈ బెల్లం ముక్క చరిత్రే. ఏ తీపి వేయాలి, ఎంత వేయాలి, అసలు వేయకుండా ఉండగలమా అన్న ప్రశ్నల చుట్టూనే అది నడిచింది.

ఈ ద్రాక్ష పేరు మొదటిసారి కనిపించేది ఒక పద్దు పుస్తకంలో. 1435 మార్చి 13న, రూసెల్స్‌హైమ్ కోటలో కాట్సెనెల్న్‌బోగెన్ ప్రభువు ఖర్చుల లెక్కలో, తోటలో నాటడానికి కొన్న రీస్లింగ్ మొక్కలకు 22 షిల్లింగులు అని వ్రాసి ఉంది. ఒపెల్ మోటారు కార్ల వల్ల తరువాత ప్రపంచానికి తెలిసిన ఊరే ఆ రూసెల్స్‌హైమ్. జన్యు పరీక్షలు వచ్చిన తరువాత, ఈ ద్రాక్షకు తల్లిదండ్రులలో ఒకటి మధ్యయుగంలో ఐరోపా పేద రైతులు విస్తారంగా పెంచిన గుయె బ్లాంక్ అనే నాసిరకమని తేలింది.

వైద్యులకు ఈ కథలో ప్రత్యేకమైన ఆసక్తి కలిగించే ఊరు మోజెల్ తీరాన ఉన్న బెర్న్‌కాస్టెల్. అక్కడ మూడు హెక్టార్లకు కాస్త పైబడిన ఒక చిన్న తోట జర్మనీలోని అత్యంత ఖరీదైన తోటలలో ఒకటి. దాని పేరు ‘డాక్టర్’! పద్నాలుగో శతాబ్దంలో ట్రియర్ ఆర్చిబిషప్పు బోమండ్ అక్కడి కోటలో జబ్బుపడ్డాడనీ, వైద్యులు చేతులెత్తేశారనీ, ఆ తోట వైన్ తాగగానే కోలుకుని ‘ఇదే నిజమైన డాక్టరు’ అన్నాడనీ స్థానిక గాథ. జ్వరం దానంతట అదే తగ్గే సమయానికి నోట్లో ఏది పడితే దానికి కీర్తి దక్కడం మనకూ తెలిసిందే. గాథ సంగతి ఎలా ఉన్నా ఆ పేరు మాత్రం సీసాల మీద నేటికీ ఉంది.

నదికి అవతలి ఒడ్డున, క్యూస్ అనే ఊళ్ళో, గాథ కాని నిజమొకటి నిలబడి ఉంది. ఆ ఊరిలో 1401లో పుట్టిన నికొలాస్ అనే పడవవాడి కొడుకు కార్డినల్ అయ్యాడు, గణితంలోనూ తత్త్వశాస్త్రంలోనూ తన కాలపు మహా మేధావులలో ఒకడయ్యాడు. రోగి నాడిని నీటి గడియారంతో కొలవాలనీ, మూత్రాన్ని, రక్తాన్ని తూకం వేసి ఆరోగ్యవంతుల వాటితో పోల్చాలనీ 1450లోనే వ్రాసినవాడు ఈయన. నాడిని వేలితో చూసి అనుభవంతో చెప్పడమే వైద్యమనుకునే రోజుల్లో ఇది ఎంత ముందుచూపో ఆలోచించండి. ఆయన 1458లో తన ఆస్తితో ఒక ఆశ్రమ వైద్యశాల స్థాపించాడు. క్రీస్తు జీవించిన ఏళ్ళకు గుర్తుగా 33 మంది నిరాధార వృద్ధులకు అందులో తిండి, నీడ ఏర్పాటు చేశాడు. నడపడానికి నిధి? ద్రాక్షతోటలు. 1464లో ఆయన ఇటలీలో మరణించగా గుండెను మాత్రం తెచ్చి ఆ ఆశ్రమ ప్రార్థనాలయంలో ఉంచారు. ఆ వృద్ధాశ్రమం ఈనాటికీ నడుస్తోంది. వుర్జ్‌బర్గ్‌లో పద్నాలుగో శతాబ్దపు బ్యుర్గర్‌ష్పిటాల్, పదహారో శతాబ్దపు యూలియుస్‌ష్పిటాల్, ట్రియర్‌లో నెపోలియన్ కాలంలో ఏకం చేసిన ధర్మాసుపత్రులు, ఇవన్నీ తోటలమీద వచ్చే ఆదాయంతో రోగులను పోషించినవే.

మద్యం అమ్మిన డబ్బుతో ఆసుపత్రి నడపడం! మనకు కొత్తగా తోచనక్కరలేదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాకు ఎదురు తిరిగిన 1992 నుండి, 1995లో మద్యనిషేధం వచ్చి 1997లో సడలిపోయేదాకా, మన శాసనసభలో వినిపించిన వాదం కూడా ఖజానా గురించే. నా ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ జీతం మీదే గడిచింది. అందులో ఎక్సైజు సొమ్ము ఎంత పాలు ఉందో లెక్క వేసే ధైర్యం నాకెన్నడూ కలగలేదు. కూసా నికొలాస్ ఆశ్రమంలో ఉన్న వ్యత్యాసమల్లా, తోటను దానం చేసినవాడు తన ఆదాయం కోసం చేయలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను.

పదిహేడవ శతాబ్దం చివర ఐరోపాలో చలి విపరీతం. చరిత్రకారులు లఘు హిమయుగం అని పిలిచే కాలంలో అది అతి చల్లని దశ. 1690ల మొదట్లో నైరుతి జర్మనీలో ద్రాక్ష సరిగా పండలేదు. పండని ద్రాక్షతో చేసిన వైన్ పులుపుకు పళ్ళు జివ్వుమంటాయి, కొనేవాడుండడు. 1694లో ఉల్మ్ నగరపు వైద్యుడు ఎబర్‌హార్డ్ గోకెల్ తాను చూసే రెండు మఠాలలో ఒక వింత జబ్బును గమనించాడు. సన్యాసులకు భరించలేని కడుపునొప్పి, మలబద్ధకం, మొహం పాలిపోవడం, చేతులు చచ్చుబడడం. మామూలు మందులకు లొంగలేదు. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

గోకెల్ చేసిన పని చూడండి. ఎవరికి జబ్బు వచ్చిందన్నది ఒక్కటే చూసి ఆగలేదు, ఎవరికి రాలేదో కూడా చూశాడు. వైన్ ముట్టని సన్యాసులు ఆరోగ్యంగా ఉన్నారు. లండన్‌లో జాన్ స్నో కలరాకు కారణం నీటి పంపు అని తేల్చడానికి నూట అరవై ఏళ్ళ ముందు మాట ఇది! ఆ లక్షణాలను ఆయన ఎక్కడో చదివి ఉన్నాడు. గోస్లార్ గనుల ఊరి వైద్యుడు సామ్యూల్ ష్టోక్‌హౌజెన్ 1656లో వ్రాసిన గ్రంథంలో సీసం కరిగించే కార్మికులకు వచ్చే కడుపునొప్పి వర్ణన ఉంది. గనిలో పనిచేసేవారి జబ్బు మఠంలో ధ్యానం చేసుకునేవారికి ఎలా వచ్చింది? గోకెల్ వైన్ వ్యాపారులను ఆరా తీశాడు. పుల్లని వైన్‌ను బాగుచేసే చిట్కా ఒకటి బయటపడింది: లిథార్జ్, అంటే సీసాన్ని గాలిలో కాల్చితే వచ్చే పొడి, పీపాలో కలపడం. ఆయన స్వయంగా నాసిరకపు పుల్లని వైన్ కొని, ఆ పొడి కలిపి చూశాడు. అది కమ్మని వైన్‌గా మారిపోయింది.

ఇందులోని రసాయనశాస్త్రం సరళమైనది. వైన్‌లోని అసిటిక్ ఆమ్లంతో సీసపు పొడి కలిసి లెడ్ అసిటేట్ అవుతుంది. అది తియ్యగా ఉంటుంది. పాత రసాయన గ్రంథాలలో దాని పేరే ‘సీసపు చక్కెర’. పైగా వైన్ పాడుచేసే సూక్ష్మజీవులను చంపుతుంది. రుచి బాగుపడింది, నిలవ బాగుంది, రంగు మారలేదు, వాసన లేదు. కల్తీదారునికి ఇంతకంటె ఏం కావాలి? రోమన్లు కూడా ద్రాక్షరసాన్ని సీసపు పాత్రలలో మరగబెట్టి తీపి చేసుకునేవారు. పులుపు ఉన్నచోట సీసం కరుగుతుంది. మన పాత ఇళ్ళలో ‘సత్తు’ చెంబులో రసం కాచేవారున్నారు కదా, ఆ చెంబు స్వచ్ఛమైన తగరం కాక సీసం కలిసినదైతే ఇదే ప్రమాదం అని ఈ సందర్భంగా గుర్తుచేస్తున్నాను.

గోకెల్ తన పరిశోధనను 1697లో పుస్తకంగా ప్రచురించాడు. అంతకు ముందే, 1696లో వుర్టెంబెర్గ్ ప్రభువు ఎబర్‌హార్డ్ లూడ్విగ్ వైన్‌లో లిథార్జ్ కలిపితే మరణశిక్ష అని శాసనం చేశాడు. అయినా కల్తీ వెంటనే ఆగలేదు. పరీక్ష లేని చట్టం ఎంత కఠినమైనా ప్రయోజనం తక్కువ. నమ్మదగిన పరీక్షలలో ఒకదాన్ని 1788లో తయారుచేసినవాడు సామ్యూల్ హానిమన్. అవును, హోమియోపతి స్థాపకుడైన ఆ హానిమనే. ఆయన వైద్య సిద్ధాంతంతో నాకు ఏకీభావం లేదు గాని, హైడ్రోజన్ సల్ఫైడ్ ద్రావణాన్ని ఆమ్లంతో కలిపి, ఇనుమును వదిలి సీసాన్ని మాత్రమే నల్లగా చూపించే ఆయన వైన్ పరీక్ష నిక్కమైన రసాయనశాస్త్రం. తెలుగునాట హానిమన్ పటానికి దండ వేసేవారిలో ఎందరికి ఈ సంగతి తెలుసునో!

సీసం కలపకుండా పులుపును ఎదుర్కొనే సక్రమమైన మార్గం ఒకటే: మంచి రకాన్ని మంచి చోట నాటి, పండేదాకా ఆగడం. పద్దెనిమిదవ శతాబ్దంలో జరిగింది అదే. ఫుల్డా మఠాధిపతి రైన్ తీరంలోని యోహానిస్‌బెర్గ్ కొండను కొని 1720లో కొండంతా రీస్లింగ్ నాటించాడు. ఏటా కోతకు అనుమతి ఫుల్డా నుండి గుర్రపు వార్తాహరుడు తేవాలి. 1775లో అతడు చాలా రోజులు ఆలస్యంగా వచ్చాడు. అప్పటికి పండ్లకు బూజు పట్టింది. పారవేయలేక వాటితోనే చేసిన వైన్ అంతకు ముందెన్నడూ ఎరుగని మాధుర్యంతో వచ్చింది. బోట్రైటిస్ అనే ఆ బూజు పండులోని నీటిని తగ్గించి, చక్కెరను చిక్కపరుస్తుందని తరువాత తెలిసింది. ఆలస్యపు కోతకు జర్మన్ పేరు ‘ష్పేట్‌లేజ’ నేటికీ సీసాల మీద చూడవచ్చు. 1787లో ట్రియర్ పాలకుడు క్లెమెన్స్ వెన్‌ట్సెస్లాస్ నాసిరకం తీగలను పీకి మంచివి నాటాలని ఆజ్ఞ ఇచ్చాడు. మోజెల్ లోయ రీస్లింగ్ లోయ కావడానికి అది దారి తీసింది.

పందొమ్మిదవ శతాబ్దంలో ఫోర్ట్స్‌హైమ్ నగరపు పనిముట్ల తయారీదారు ఫెర్డినాండ్ ఎక్స్‌లె ద్రాక్షరసం సాంద్రత కొలిచే తేలిక సాధనాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. పాలలో నీళ్ళు పట్టుకునే లాక్టోమీటరు, మేము వాడిన యూరినోమీటరు దీని సోదరులే. రసం సాంద్రత 1.080 ఉంటే 80 ఎక్స్‌లె అంటారు. అంటే చక్కెర ఎంత ఉందో, మద్యం ఎంత అవుతుందో ముందే తెలుస్తుంది. కూసా నికొలాస్ మూత్రాన్ని తూచమన్న నాలుగు వందల ఏళ్ళకు, ఆయన ఊరి రైతులు ద్రాక్షరసాన్ని తూచడం మొదలుపెట్టారన్నమాట.

అయినా బీదరైతు బ్రతుకు బాగుపడలేదు. పన్నులు, వరుసగా చెడ్డ పంటలు. మోజెల్ ద్రాక్షరైతుల దుఃస్థితి గురించి 1843 జనవరిలో ఒక యువ పాత్రికేయుడు ఘాటైన వ్యాసాలు వ్రాశాడు. ఆ పత్రిక అదే ఏడాది మూతపడింది. ఆ పాత్రికేయుడు ట్రియర్‌లో పుట్టిన కార్ల్ మార్క్స్. తాను ఆర్థిక విషయాల వైపు మళ్ళడానికి ఈ ద్రాక్షరైతుల సమస్య ఒక కారణమని తరువాత ఆయనే వ్రాసుకున్నాడు. అదే ట్రియర్ వాడైన లూడ్విగ్ గాల్ మరో మార్గం చూపాడు: పుల్లని రసంలో చక్కెరనీళ్ళు కలిపి పులియబెట్టడం. విషం కాదు, బీదవాడికి బ్రతుకుతెరువు. కాని ప్రసిద్ధ తోటలవారు దీనిని ఒప్పుకోలేదు. చక్కెర కలపని వైన్ మాత్రమే వేలం వేస్తామంటూ 1910లో సంఘటితమయ్యారు. నేటి జర్మన్ మేలిరకం ఉత్పత్తిదారుల సంఘానికి, వీడీపీకి, మూలం ఆ సంఘమే. ఆ రోజుల్లో మంచి రీస్లింగ్ ధర ఫ్రాన్సులోని బోర్డో మేటి వైన్లకు సమానంగా, కొన్నిసార్లు అంతకు మించి పలికేది. విక్టోరియా రాణి 1845లో హోహ్‌హైమ్ తోటలను చూసి వెళ్ళింది. అక్కడ ఒక తోటకు ఆమె పేరే పెట్టారు. ఆ వైన్లలో చాలాభాగం తీపివి కావని గుర్తుంచుకోవాలి. పీపాలో ఈస్టుకు వ్యవధి ఇస్తే చక్కెరను దాదాపు పూర్తిగా తినేస్తుంది. తీపి మిగలడం ఏ గొప్ప సంవత్సరానికో.

ఇరవయ్యవ శతాబ్దం రీస్లింగ్‌ను కిందికి తోసింది. రెండు యుద్ధాలు వచ్చాయి. వైన్ వ్యాపారానికి వెన్నెముక అయిన యూదు వర్తకులను నాజీలు తరిమారు, చంపారు. ఆ నైపుణ్యం, ఆ విదేశీ సంబంధాలు మళ్ళీ రాలేదు. ఇక సాంకేతికంగా వచ్చిన మార్పు నాకు వ్యక్తిగతంగా తమాషా అనిపిస్తుంది. మైక్రోబయాలజీ ప్రయోగశాలలో సీరం వంటి, వేడి చేయకూడని ద్రవాలను సూక్ష్మజీవరహితం చేయడానికి మేము ఆస్బెస్టాస్ పొరల సైట్జ్ ఫిల్టరు గురించి చదువుకున్నాం. ఆ సైట్జ్ కంపెనీ క్రోయిత్స్‌నాఖ్ అనే వైన్ పట్టణానిది. ఈస్టును పూర్తిగా వడకట్టగలిగితే తీపి రసం కలిపి సీసాలో మూసినా మళ్ళీ పులియదు. అంతే! పులియని ద్రాక్షరసం కలిపిన చౌక తీపి వైన్ వరదలా వచ్చింది. రీస్లింగ్ తోటలను తీసి, త్వరగా పండే ముల్లర్ తుర్గావ్ రకం నాటారు. 1971 చట్టం పాతిక వేలకు పైబడిన తోటల పేర్లను సుమారు 2,600కు కుదించి, నాణ్యతకు కొలమానం రసంలోని చక్కెర ఒక్కటే అన్నది. జర్మన్ వైన్ అంటే నీలిసీసాలో తీపినీళ్ళు అన్న పేరు ప్రపంచమంతటా స్థిరపడింది.

తీపికి గిరాకీ ఉన్నచోట కల్తీ తప్పదు. 1985లో, గోకెల్ తరువాత సుమారు మూడు వందల ఏళ్ళకు, అదే నాటకం మళ్ళీ జరిగింది. ఆస్ట్రియాలో కొందరు వ్యాపారులు పలచని వైన్‌ను ఆలస్యపు కోత వైన్‌లాగా తియ్యగా, చిక్కగా చూపడానికి డైఎథిలిన్ గ్లైకాల్ కలిపారు. చక్కెర కలిపితే పరీక్షలో దొరికిపోతారు. దీనికోసం పరీక్షించేవారు అప్పుడు లేరు. అందులో పెద్దభాగం జర్మనీకే వెళ్ళింది. ఆ ఏడాది జూలైలో పశ్చిమ జర్మనీ ప్రభుత్వం హెచ్చరిక జారీ చేసింది. తీరా చూస్తే, జర్మన్ వైన్ అని చీటీ అంటించిన కొన్ని సీసాలలో కూడా ఆ గ్లైకాల్ బయటపడింది. అంటే దొంగచాటుగా ఆస్ట్రియా వైన్ కలిపారన్నమాట. లక్షలాది లీటర్లు పారబోశారు. అదృష్టవశాత్తు ఆ వైన్ వల్ల మరణాలు జరిగినట్లు నిర్ధారణ కాలేదు.

డైఎథిలిన్ గ్లైకాల్ పేరు వింటే ఏ వైద్యుడికైనా ఒళ్ళు జలదరించాలి. తియ్యగా, చిక్కగా, గ్లిజరిన్ లాగే ఉండే ఈ ద్రవం శరీరంలో డైగ్లైకాలిక్ ఆమ్లంగా మారి మూత్రపిండాలను ధ్వంసం చేస్తుంది. 1937లో అమెరికాలో సల్ఫా మందును ఇందులో కరిగించి అమ్మితే పిల్లలతో సహా నూరుమందికి పైగా మరణించారు. ఆ దేశపు ఔషధ భద్రతా చట్టం పుట్టింది అప్పుడే. వైన్ కుంభకోణం జరిగిన మరుసటి ఏడాది, 1986 జనవరిలో, ముంబయి జె.జె. ఆసుపత్రిలో గ్లిజరాల్ తీసుకున్న 14 మంది రోగులు చనిపోయారు. ఆ గ్లిజరాల్‌లో ఈ విషమే ఉంది. జస్టిస్ లెంటిన్ కమిషన్ ఆ దారుణం మీద సుదీర్ఘ విచారణ జరిపింది. 2022లో గాంబియాలో మన దేశంలో తయారైన దగ్గు సిరప్‌లు తాగిన పసిపిల్లలు, 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతపు పిల్లలు మరణించినప్పుడు వెలుగులోకి వచ్చిన పేరూ ఇదే. ఐరోపాలో వైన్‌లో దొరికితే దేశాల వాణిజ్యమే స్తంభించింది. మన దగ్గర నలభై ఏళ్ళ తరువాత కూడా పిల్లల మందులో దొరుకుతూనే ఉంది. ప్రతి బ్యాచి గ్లిజరిన్‌ను, ప్రొపిలిన్ గ్లైకాల్‌ను ఈ విషం కోసం పరీక్షించడం కష్టమైన పనీ కాదు, పెద్ద ఖర్చూ కాదు.

జర్మనీలో మాత్రం ఆ అవమానం ఒక మలుపుకు తోడ్పడింది. మలుపు అంతకు ముందే మొదలైంది. 1984లో రైన్‌గావ్ ప్రాంతపు కొందరు ఉత్పత్తిదారులు ‘ఖార్టా’ అనే సంఘం పెట్టి, భోజనంతో పుచ్చుకోదగిన, తీపి తగ్గిన రీస్లింగ్‌ను మళ్ళీ తయారుచేయసాగారు. తరువాత వీడీపీ సభ్యులు ప్రసిద్ధ తోటల డ్రై వైన్లకు ‘గ్రోసెస్ గెవెక్స్’ అనే హోదా కల్పించారు. బెల్లం ముక్క లేని పులుసు గౌరవం తిరిగి వచ్చింది. రసికులు దీనిని ఎందుకింత ఆదరిస్తారో శరీరధర్మ శాస్త్రం కొంత చెప్పగలదు. పులుపు లాలాజలాన్ని ఊరిస్తుంది, నోటిలోని జిడ్డును కడిగి తరువాతి ముద్దకు సిద్ధం చేస్తుంది. మన భోజనంలో చారు చేసే పని అది. ఓక్ పీపా వాసన, మొరటు వగరు లేవు కనుక పండు, పూల పరిమళాలు దాపరికం లేకుండా తెలుస్తాయి. సీసాలో ఏళ్ళు గడిచేకొద్దీ కెరొటినాయిడ్ల నుండి టీడీఎన్ అనే పదార్థం పుట్టి కిరసనాయిలును పోలిన వాసన వస్తుంది. అది దోషమని మనం ముక్కు మూసుకుంటే, వయసు మీరిన రీస్లింగ్‌కు అదే ఘనత అని వారు మురిసిపోతారు. తీపి లేని వైన్‌లో లోపాన్ని దాచే వీలు తక్కువ. పండు సరిగా పండలేదా, నాలుక వెంటనే చెబుతుంది. నాకు గౌరవం కలిగించే గుణం ఇదొక్కటే.

ఈ మార్పులో వాతావరణానికీ పాత్ర ఉంది. ఒకప్పుడు పదేళ్ళలో రెండు మూడు సార్లు పండే ద్రాక్ష ఇప్పుడు దాదాపు ఏటా పండుతోంది. అందుకే పులుపు భరించదగినదై తీపి అవసరం తగ్గింది. మరోవైపు గడ్డకట్టిన పండ్లతో చేసే ‘ఐస్‌వైన్’ 2019 పంటకు జర్మనీలో ఎక్కడా తీయలేకపోయారు. తగినంత చలి రాలేదు.

ఇప్పుడు మీ ప్రశ్నలు. ‘డ్రై’ అన్నదానికి జర్మన్ చీటీ మీద మాట ‘ట్రోకెన్’. ఐరోపా నిబంధన ప్రకారం, తగినంత ఆమ్లం ఉన్నప్పుడు అందులో లీటరుకు 9 గ్రాముల దాకా చక్కెర ఉండవచ్చు. కనుక చక్కెర తక్కువన్నది నిజమే, అసలు లేదన్నది కాదు. కాని ఆ చక్కెర ఏమైపోయింది? మద్యంగా మారింది. 12.5 శాతం మద్యం ఉన్న 750 మిల్లీలీటర్ల డ్రై సీసాలో సుమారు 74 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. గ్రాముకు 7 చొప్పున 518 కేలరీలు, మిగిలిన చక్కెరతో కలిపి 540 పైచిలుకు. అదే ‘కబినెట్’ అనే తీపి రీస్లింగ్‌లో మద్యం 8 శాతం, చక్కెర లీటరుకు 40 గ్రాములు అనుకుంటే సీసా మొత్తం 450 కేలరీలు. డ్రై అన్నది తేలిక కాకపోగా ఒకింత బరువే. మధుమేహానికి గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడేవారు ఖాళీ కడుపుతో మద్యం తీసుకుంటే కాలేయం గ్లూకోజు తయారుచేయలేక రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. అది తాగిన మత్తు అనుకుని ఇంట్లోవారు వదిలేస్తారు. అసలు ప్రమాదం సీసాలో మిగిలిన చక్కెర కాదు, మీ రక్తంలో మాయమయ్యే చక్కెర.

గుండెకు మంచిదన్న మాట 1990లలో ఫ్రెంచి ఎర్ర వైన్ గురించి పుట్టిన ప్రచారం. ఆ అధ్యయనాలలో తాగనివారి జాబితాలో జబ్బు వల్ల మానేసినవారు కూడా కలిసిపోయారు. ఎవరిని ఎవరితో పోల్చుతున్నామో గోకెల్ చూసినంత జాగ్రత్తగా కొందరు చూడలేదు. ఆల్కహాలు క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే ప్రకటించింది. సురక్షితమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది.

జర్మనీలోని ఒక ద్రాక్షరైతుల సహకార సంఘం తన వైన్ చీటీ మీద ‘పులుపు తక్కువ, సులభంగా అరుగుతుంది’ అన్న అర్థం వచ్చే మాట వ్రాసింది. వివాదం ఐరోపా న్యాయస్థానం దాకా వెళ్ళింది. 1.2 శాతానికి మించి మద్యం ఉన్న ఏ పానీయం మీదా ఆరోగ్య సంబంధమైన మాట ఉండరాదన్న నిబంధన క్రింద, ఆ ఒక్క పదం కూడా చెల్లదని 2012 సెప్టెంబరు 6న తీర్పు వచ్చింది. ఆమ్లం తక్కువన్న మాట నిజమైనా, మద్యం చేసే హాని చెప్పకుండా ఆ సగం నిజం చెప్పడం వినియోగదారుని తప్పుదోవ పట్టించడమే అన్నారు న్యాయమూర్తులు. 2023 డిసెంబరు 8 తరువాత అక్కడ తయారైన వైన్ సీసాల మీద కేలరీలు కూడా ముద్రించాలి. మిగిలిన పదార్థాల వివరాలు చీటీ మీది క్యూఆర్ గుర్తులో ఉంటాయి. మీ అబ్బాయి తెచ్చిన సీసా కొత్త పంటదైతే, దానిని ఎవరికిచ్చేదీ నిర్ణయించుకునే ముందు వెనుకవైపు చీటీని భూతద్దం పెట్టి ఒకసారి చదవండి.